లెగో ఇటుక: కంపెనీ చరిత్ర, కొలతలు, కొనడం, కాపాడుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

లెగో అంటే ఏమిటి? అది ఎవరి పేరైనా?

ఒకదానికొకటి బిగించి ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకల పేరు, వాటిని చేసే డెన్మార్క్ కంపెనీ పేరు. మనిషి పేరు కాదు. డేనిష్ భాషలో ‘లెగ్ గాట్’ అంటే ‘బాగా ఆడుకో’. ఆ రెండు మాటల్లో మొదటి ముక్కలు కలిపి 1930ల మధ్యలో పెట్టుకున్న పేరు ఇది. మన కోస్తా చెవికి ‘లెగు’ అన్నట్టు వినిపించడం వేరే సంగతి.

మొదటి నుంచీ ప్లాస్టిక్ బొమ్మలేనా?

కాదు. మొదట్లో అది వడ్రంగి కొట్టు. ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1916లో డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే పల్లెలో దాన్ని కొన్నాడు. ఇళ్లకు కావలసిన చెక్క పని చేసేవాడు. 1924లో ఆయన కొడుకులు చెక్క పొట్టుకు నిప్పంటించడంతో కొట్టూ, ఇల్లూ కాలిపోయాయి. మళ్లీ కట్టుకున్నాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో రైతుల చేతిలో డబ్బు ఆడక ఇళ్ల పనులు ఆగిపోయాయి. అప్పుడు 1932లో నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలతో పాటు చెక్క బొమ్మలు కూడా చేయడం మొదలుపెట్టాడు. తాడు కట్టి లాక్కెళ్లే చెక్క బాతు ఆ రోజుల్లో వాళ్లకు పేరు తెచ్చిన బొమ్మ.

ఆ బాతు గురించి కంపెనీ తన చరిత్రలో చెప్పుకునే సంఘటన ఒకటుంది. కొడుకు గాట్‌ఫ్రెడ్ మూడు పూతల వార్నిష్‌కు బదులు రెండే వేసి, సరుకు రైలుకెక్కించి, డబ్బు మిగిల్చానని తండ్రికి సంబరంగా చెప్పాడు. తండ్రి మెచ్చుకోలేదు. రాత్రికి రాత్రే స్టేషన్‌కు పంపి, పెట్టెలు వెనక్కి తెప్పించి, మూడో పూత వేయించాడు. తర్వాత ‘అత్యుత్తమమైనదే కావాలి, అంతకు తక్కువ కుదరదు’ అనే అర్థం వచ్చే మాటను గాట్‌ఫ్రెడ్ చెక్క మీద చెక్కి కార్ఖానాలో తగిలించాడు. కంపెనీలు తమ గురించి చెప్పుకునే కథలను కొంచెం అనుమానంతోనే వినాలి. అయితే ఈ పట్టుదల ఇటుక కొలతల్లో నిజంగానే కనిపిస్తుంది. ఆ లెక్కలు కింద ఉన్నాయి.

1942లో కార్ఖానా ఇంకోసారి కాలింది. 1960లో చెక్క బొమ్మల గోదాము కాలినప్పుడు మాత్రం వాళ్లు చెక్కను పూర్తిగా వదిలేశారు. అప్పటికే ప్లాస్టిక్ ఇటుకలు అమ్ముడవుతున్నాయి.

ఈ ఇటుక ఆలోచన లెగో వాళ్లదేనా?

కాదు. ఈ విషయంలో చాలామంది పొరబడతారు. బ్రిటన్‌లో కిడ్డీక్రాఫ్ట్ కంపెనీ పెట్టిన హిలరీ ఫిషర్ పేజ్ 1947 నాటికే పైన బొడిపెలున్న బోలు ప్లాస్టిక్ ఇటుకలు అమ్ముతున్నాడు. బిల్లుండ్ వాళ్లు ఇంగ్లండ్ నుంచి ఇంజక్షన్ మోల్డింగ్ యంత్రం తెప్పించుకున్న రోజుల్లోనే ఆ ఇటుకల నమూనాలు కూడా వాళ్ల చేతికొచ్చాయి. కొలతల్ని అంగుళాల నుంచి మెట్రిక్‌లోకి మార్చి, మూలలు కాస్త సరిచేసి, బొడిపెల పైభాగం చదును చేసి, 1949లో ‘ఆటోమేటిక్ బైండింగ్ బ్రిక్స్’ పేరుతో డెన్మార్క్‌లో అమ్మారు. పేజ్ 1957లో చనిపోయాడు. కిడ్డీక్రాఫ్ట్ ఇటుకల హక్కులను లెగో 1981లో కొనుక్కుంది.

మరి లెగో సొంతంగా కనిపెట్టింది ఏమిటి?

ఇటుక కడుపులోని గొట్టం. 1949 నాటి ఇటుక కింద అంతా ఖాళీ, నాలుగు గోడలు మాత్రమే. ఒకదానిమీద ఒకటి నిలిచేది గానీ పట్టు ఉండేది కాదు. ఇల్లు కట్టి ఎత్తితే సగం కిందే ఉండిపోయేది. పైగా గోడలు మధ్యలో కొద్దిగా బయటికి వంగేవి.

1958 జనవరి 28న గాట్‌ఫ్రెడ్ డెన్మార్క్‌లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. ఎనిమిది బొడిపెల ఇటుక కింద మూడు గొట్టాలు పెట్టాడు. ప్రతి గొట్టం కింది ఇటుక బొడిపెలు నాలుగింటి మధ్య దూరుతుంది. నడుమనున్న ఒక్కో బొడిపెకు ఒక గోడ, రెండు గొట్టాలు ఆనుకుంటాయి. మూలల్లో ఉన్న బొడిపెకైతే రెండు గోడలు, ఒక గొట్టం. పట్టు మూడు చోట్ల నుంచి వస్తుంది కాబట్టి ఇటుకను సగం జరిపి పెట్టినా నిలుస్తుంది. ఒకే ఒక్క బొడిపె మీద పెట్టి తిప్పినా ఊడదు.

అదే ఏడాది మార్చిలో ఓలె కిర్క్ కన్నుమూశాడు.

అసలు కొలతలెంత?

పిల్లలతో లెక్కలు చేయించడానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

బొడిపె వ్యాసం 4.8 మిల్లీమీటర్లు. పక్కపక్కనున్న రెండు బొడిపెల నడుమల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు, బొడిపె కాకుండా, 9.6. పలుచని ప్లేటు ఎత్తు 3.2. అంటే మూడు ప్లేట్లు ఒక ఇటుక. రెండు వరసల్లో నాలుగేసి బొడిపెలున్న 2×4 ఇటుక పొడవు 32 ఉండాలి గానీ నిజంగా కొలిస్తే 31.8 వస్తుంది, వెడల్పు 15.8. ఒక్కో అంచున 0.1 మిల్లీమీటర్ తగ్గించారు. ఆ సందు లేకపోతే గోడలో పక్కపక్కన పెట్టిన ఇటుకలు ఒకదాన్నొకటి తోసుకుని, వరస పొడవయ్యేకొద్దీ విల్లులా వంగుతాయి.

ఇప్పుడు గొట్టం లెక్క. చదరంగా ఉన్న నాలుగు బొడిపెల్లో ఎదురెదురు మూలల మధ్య దూరం 8 × √2, అంటే 11.31. అందులోంచి బొడిపె వ్యాసం 4.8 తీసేస్తే 6.51. గొట్టం బయటి వ్యాసం సరిగ్గా అంతే. ఒకే వరస బొడిపెలుండే సన్నటి ఇటుకలో గొట్టానికి చోటు లేదు. అక్కడ 8లోంచి 4.8 తీసేస్తే 3.2, కాబట్టి అంత లావు పుల్ల పెట్టారు. పైథాగరస్ సిద్ధాంతం ఎందుకు పనికొస్తుందని అడిగే ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక ఇటుక బోర్లించి చూపిస్తే చాలు.

ఇంకో చిట్కా: ఐదు ప్లేట్లు పేరిస్తే 16 మిల్లీమీటర్లు. రెండు బొడిపెల వెడల్పూ 16. ఇటుకల్ని అడ్డంగా పక్కకు తిప్పి కట్టేవాళ్లందరూ నమ్ముకునేది ఈ ఐదు-రెండు లెక్కనే.

గట్టిగా పట్టుకుని, మళ్లీ పిల్లాడు లాగితే ఎలా వస్తుంది?

ఏబీఎస్ ప్లాస్టిక్‌కు కాస్త సాగే గుణం ఉంది. బొడిపె దూరినప్పుడు గోడ కంటికి కనపడనంతగా బయటికి జరిగి, మళ్లీ వెనక్కి వచ్చి నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే పట్టు. వేలిముద్ర మందంలో తేడా వచ్చినా కథ మారిపోతుంది: కొంచెం లావైతే ఇటుక ఎక్కదు, కొంచెం సన్నమైతే జారిపోతుంది. అందుకే అచ్చుల్ని మిల్లీమీటరులో సుమారు 200వ వంతు తేడాలోపల చెక్కుతారు. ఏబీఎస్ గుళికల్ని దాదాపు 230 డిగ్రీల దగ్గర కరిగించి, అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించి, కొన్ని సెకన్లలో చల్లార్చి బయటికి తోస్తారు. తయారైన పది లక్షల ముక్కల్లో పనికిరానివి 18 మాత్రమేనని కంపెనీ చెబుతుంది.

1963కు ముందు ఇటుకలు సెల్యులోజ్ అసిటేట్‌తో చేసేవారు. అది ఏళ్లు గడిచేకొద్దీ వంకర పోతుంది, రంగు వెలిసిపోతుంది. ఏబీఎస్‌కు మారాకనే పట్టు శాశ్వతమైంది.

మా నాన్న చిన్నప్పటి ఇటుకలు ఇప్పటివాటికి పడతాయా?

1958 తర్వాతవైతే పడతాయి. సెల్యులోజ్ అసిటేట్ రోజులవి వంగిపోయి ఉంటే మాత్రం బలవంతంగా ఎక్కించకండి, కొత్త ఇటుక గోడ పగులుతుంది.

కొలత కలిసినా రంగు కలవకపోవచ్చు. 2004 ప్రాంతంలో రెండు బూడిద రంగుల్నీ నీలం ఛాయకు మార్చారు. పాత బూడిద ఇటుకల కోటకు కొత్తవి అతికిస్తే మచ్చల్లా కనిపిస్తాయి. పాత సేకరణలున్నవాళ్లు ఈ విషయంలో ఇప్పటికీ గుర్రుగానే ఉన్నారు, అందులో న్యాయమూ ఉంది.

డూప్లో కూడా వీటికి పడుతుందా? అది రెట్టింపు సైజు కదా?

పడుతుంది. 1969లో చిన్నపిల్లల కోసం తెచ్చిన డూప్లోలో ప్రతి కొలతా సరిగ్గా రెట్టింపు: బొడిపెల దూరం 16, ఎత్తు 19.2. డూప్లో బొడిపె బోలుగా ఉంటుంది, చిన్న 2×4 ఇటుక కడుపులోని గొట్టాలు అందులో దిగుతాయి. అందుకే చెల్లి డూప్లోలను పునాదిగా వేసి అన్న దానిమీద కోట కట్టొచ్చు. ఒకే వరస బొడిపెల సన్నటి ఇటుకలు మాత్రం డూప్లో మీద నిలవవు, వాటికి గొట్టం లేదు.

ఆరు ఇటుకల్ని 91 కోట్ల రకాలుగా పేర్చొచ్చంటారు. నిజమేనా?

ఒకే రంగు 2×4 ఇటుకలు ఆరు తీసుకుంటే 91,51,03,765 రకాలు. రెండైతే 24, మూడైతే 1,060. చాలా ఏళ్లపాటు కంపెనీ 10,29,81,500 అనే అంకె చెప్పింది. అది ఆరు అంతస్తుల ఎత్తున్న కట్టడాలను మాత్రమే లెక్కపెట్టినది. పక్కకు విస్తరించేవాటిని కూడా కలిపి సోరెన్ ఐలర్స్ అనే గణిత శాస్త్రజ్ఞుడు కంప్యూటర్ సాయంతో అసలు అంకె తేల్చాడు. రెండు ఇటుకల 24 రకాలను ఇంట్లో చేతితో వేసి చూసుకోవచ్చు. తిప్పితే ఒకేలా ఉండేవాటిని రెండుసార్లు లెక్కపెట్టకుండా జాగ్రత్తపడటమే అందులో కష్టం.

ఇంత బలమైన కంపెనీ 2003లో దివాలా అంచుకు ఎందుకు వెళ్లింది?

తనను నిలబెట్టిన క్రమశిక్షణను తానే వదిలేయడం వల్ల.

1990ల చివర్లో పిల్లలు వీడియో గేముల వైపు మళ్లారు. పేటెంట్ గడువు 1970ల చివరి నుంచే తీరిపోతూ రావడంతో ఇతరులూ అలాంటి ఇటుకలే తక్కువ ధరకు అమ్ముతున్నారు. 1998లో కంపెనీ మొదటిసారి నష్టం చూసింది. భయపడి అన్నివైపులా చేతులు చాచింది: థీమ్ పార్కులు, పిల్లల బట్టలు, గడియారాలు, టీవీ సీరియల్‌తో పాటు వచ్చిన బొమ్మలు. కట్టే పని తగ్గించి, పెద్ద పెద్ద రెడీమేడ్ ముక్కలతో సెట్లు తెచ్చింది. డూప్లో అనే పేరు 30 ఏళ్లుగా తల్లిదండ్రుల నోళ్లలో నానుతుంటే, దాన్ని తీసేసి 2002లో ‘ఎక్స్‌ప్లోర్’ అని పెట్టింది. కొనడానికి వచ్చినవాళ్లు డూప్లో ఎక్కడని వెతికి ఊరికే వెళ్లిపోయారు.

అన్నిటికన్నా లోతుగా దెబ్బ తీసింది ముక్కల సంఖ్య. 1990ల నడుమ 6,000 చిల్లర రకాలుంటే 2004 నాటికి 12,000 దాటాయి. ప్రతి కొత్త రకానికి ఒక కొత్త అచ్చు కావాలి. అచ్చు ఖర్చు కోట్లాది ముక్కల మీద పంచుకుంటేనే గిట్టుబాటు. ఒక్క సెట్‌లో మాత్రమే వాడి మూలన పడేసే ముక్క ఎంత అందంగా ఉన్నా డబ్బు తినేస్తుంది. డిజైనర్లకు ముక్క ధర తెలియదు, లెక్కలవాళ్లకు ఏ సెట్ లాభమో ఏది నష్టమో తెలియదు. దుకాణాల్లో 2002 సెలవుల సరుకు పేరుకుపోయింది.

2004లో యోర్గెన్ విగ్ క్నూడ్‌స్టార్ప్ పగ్గాలు పట్టాడు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. వ్యవస్థాపకుడి కుటుంబం బయటివాళ్లలో ఒకరి చేతికి కంపెనీని ఇలా అప్పగించడం అదే తొలిసారి. ఆయన చేసినవి వినడానికి మామూలుగా ఉంటాయి: లెగోలాండ్ పార్కుల్ని 2005లో అమ్మేశాడు, ముక్కల రకాలను దాదాపు సగానికి కోశాడు, కొత్త ముక్క కావాలంటే డిజైనర్ కారణం చెప్పి ఒప్పించాల్సిందేనన్నాడు, డూప్లో పేరు వెనక్కి తెచ్చాడు. తయారీని 2006లో బయటి కంపెనీకి అప్పగించడం మాత్రం కుదరలేదు. ఆ కొలతల పట్టుదల బయటివాళ్లకు అబ్బలేదు, 2008లోనే ఆ ఒప్పందం ముగించి పనిని మళ్లీ తమ చేతికి తీసుకున్నారు.

సినిమాల పేరుతో వచ్చే సెట్లు ఎప్పుడు మొదలయ్యాయి?

1999లో, స్టార్ వార్స్‌తో. అంతకుముందు ‘యుద్ధం’ అనే మాట ఉన్న పేరును బిల్లుండ్‌లో చాలామంది వ్యతిరేకించారు. నడిసంద్రంలో ఉన్న కంపెనీని ఆ ఏళ్లలో ఒడ్డున నిలిపినవాటిలో ఇవీ, 2001లో సొంతంగా తెచ్చిన బయోనికిల్ బొమ్మలు కూడా ఉన్నాయి. నేటి యుద్ధాలను పోలిన సైనిక సెట్లు మాత్రం ఇప్పటికీ చేయరు. 2020లో ఓస్ప్రే అనే విమానం సెట్ దాదాపు దుకాణాలకు చేరబోతుండగా, దాని అసలు రూపం సైన్యానిదన్న విమర్శలతో ఆపేశారు.

బొమ్మ మనుషుల ముఖాలు పసుపు రంగులో ఎందుకు? తల మీద రంధ్రమేమిటి?

1978లో చేతులు, కాళ్లు కదిలే బుల్లి మనిషి వచ్చినప్పుడు ఏ జాతికీ చెందని రంగు కావాలని పసుపు ఎంచుకున్నారు. నిజమైన మనుషుల్ని పోలిన సెట్లకు 2003-04 నుంచి అసలు చర్మపు రంగులు వాడుతున్నారు. తల బొడిపెలోని రంధ్రాలు పిల్లాడు మింగి గొంతులో ఇరుక్కుంటే గాలి కాస్తయినా ఆడాలని పెట్టినవి.

మింగేస్తే ఏం చేయాలి?

దగ్గు, ఊపిరాడకపోవడం, చొంగ ఆగకపోవడం, వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి. ముక్కులో, చెవిలో దూరితే ఇంట్లో పిన్నులతో లాగకండి, లోపలికి పోతుంది. అయస్కాంతం గానీ బటన్ బ్యాటరీ గానీ ఉన్న ముక్కైతే లక్షణాలు లేకపోయినా అత్యవసరమే.

మామూలు ముక్క కడుపులోకి చేరి పిల్లాడు హాయిగా ఉంటే సాధారణంగా దానంతటదే బయటికి వస్తుంది. ఆరుగురు పిల్లల వైద్యులు స్వయంగా తలకాయ ముక్కలు మింగి, రోజూ వెతికి, 2018లో ఒక పత్రం ప్రచురించారు. సగటున 1.71 రోజులు పట్టింది. ఒకరికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. వైద్యుణ్ణి ఫోన్‌లోనైనా అడగడం మానకండి. మూడేళ్లలోపు పిల్లలకు డూప్లోనే ఇవ్వండి.

కాలికింద పడితే ప్రాణం పోయినంత నొప్పి ఎందుకు?

అది లొంగదు కాబట్టి. 2012లో బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీలో ఒక 2×2 ఇటుకను యంత్రంలో నొక్కి చూశారు. దాదాపు 430 కిలోల బరువు దాకా తట్టుకుంది. ఇటుక బరువు 1.15 గ్రాములు. అంటే మూడున్నర కిలోమీటర్ల ఎత్తు పేర్చాకగానీ అడుగున ఉన్నది నలగదు. అర్ధరాత్రి నీళ్లకు లేచిన మన బరువు దానికొక లెక్కా?

నకిలీలను ఎలా గుర్తుపట్టాలి? అలాంటి ఇటుకలు చేయడం నేరమా?

రెండూ వేరు. ఇటుక ఆకారం ఇప్పుడు ఎవరైనా చేయొచ్చు. 2×4 ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్క్‌గా కాపాడుకుందామని లెగో ప్రయత్నిస్తే, ఆ ఆకారం పని కోసమే తప్ప గుర్తు కోసం కాదని కెనడా సుప్రీంకోర్టు 2005లో, యూరప్ న్యాయస్థానం 2010లో కొట్టేశాయి. బుల్లి మనిషి ఆకారానికి మాత్రం యూరప్‌లో రక్షణ నిలిచింది. సెట్ డిజైన్‌ను, పెట్టెను, పేరును మక్కికి మక్కి దించేయడం నేరమే. చైనాలో ‘లెపిన్’ పేరుతో అలా చేసినవాళ్లను 2019లో షాంఘై పోలీసులు పట్టుకున్నారు, మరుసటి ఏడు కోర్టు జైలుశిక్షలు వేసింది.

చేతిలో ఉన్న ఇటుకను చూడాలంటే: ప్రతి బొడిపె మీదా పేరు ఉబ్బెత్తుగా ఉండాలి. భూతద్దంలో అక్షరాల అంచులు పదునుగా కనిపించాలి. బోర్లిస్తే లోపల అచ్చు సంఖ్య ఉంటుంది. 2×4కు 3001, 2×2కు 3003, ఒక వరస రెండు బొడిపెలదానికి 3004. తర్వాత ఓ పది ఇటుకలు నిలువుగా పేర్చి, పక్కన అసలైనవని తెలిసిన పది ఇటుకల వరస పెట్టండి. ఎత్తు తేడా వస్తే అనుమానించండి. మరీ చిన్న ముక్కలు కొన్నింటి మీద పేరుకు చోటుండదు, కాబట్టి ఒక్క ముక్కతో తీర్పు చెప్పకండి.

సక్రమంగా సొంత పేరుతో వచ్చే వేరే కంపెనీల ఇటుకల్ని తక్కువ చేయనక్కర్లేదు, చాలావరకు బాగానే పడతాయి. కాకపోతే అసలైనవాటితో కలిపేస్తే, ఎక్కడ పట్టు సడలిందో తర్వాత వెతుక్కోవడం తలనొప్పి.

ఇండియాలో ఇంత ఖరీదేమిటి?

ధరలో పెద్ద భాగం పన్ను. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దానికి తోడు 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే దాదాపు ప్రతి బొమ్మకూ భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ధ్రువీకరణ తప్పనిసరి. విదేశీ కార్ఖానా కూడా దానికి లైసెన్సు తీసుకోవాలి. కొనేటప్పుడు పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద లైసెన్సు సంఖ్య చూడండి.

తక్కువలో మొదలుపెట్టాలంటే సినిమా పేరున్నవి కాకుండా ‘క్లాసిక్’ పెట్టె తీసుకోండి. ముక్కకు ఎంత పడిందో ధరను సంఖ్యతో భాగించి చూడండి, కానీ వెయ్యి ముక్కల సెట్‌లో ఎనిమిది వందలు గోరంత ముక్కలుంటే ఆ లెక్క మోసం చేస్తుంది. వాడినవి కిలోల్లెక్కన కొంటే, కిలోకు 2×4 ఇటుకలైతే 430 దాకా తూగుతాయని గుర్తుంచుకోండి.

కడగడం ఎలా? పసుపెక్కినవి తెల్లబడతాయా?

ముందు స్టిక్కర్లున్నవి, మోటార్లు, లైట్లు పక్కన పెట్టండి. మిగతావి బకెట్‌లో 40 డిగ్రీలు దాటని నీళ్లు, కొద్దిగా గిన్నెలు తోమే ద్రవం వేసి అరగంట నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. రెండుసార్లు మంచినీళ్లలో జాడించి, తువ్వాలు మీద బొడిపెలు పైకి ఉండేలా పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టండి. బోర్లిస్తే గొట్టాల్లో నీళ్లు నిలిచి తెల్లటి మరక కడుతుంది, బోరు నీళ్లైతే మరీను. వేడినీళ్లు, వాషింగ్ మెషీన్ డ్రైయర్, హెయిర్ డ్రైయర్ వద్దు. గోడలు వంగితే పట్టు పోతుంది, అది తిరిగి రాదు.

ఎండ తగిలి పసుపెక్కిన తెల్ల, నీలం, బూడిద ఇటుకలకు మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లలతో చేయించకూడదు. గాజు గిన్నెలో ఇటుకలు మునిగేలా పోసి, ఉదయం ఏడు నుంచి పది మధ్య ఎండలో పెట్టండి. మూత బిగించకండి, లోపల వాయువు పుడుతుంది. ఇటుకలు బుడగలెక్కి పైకి తేలతాయి. తేలిన భాగం మీద మచ్చలు పడతాయి కాబట్టి పైన గాజు పళ్లెం బోర్లించి అరగంటకోసారి కలపండి. రెండు మూడు రోజులు పట్టొచ్చు. మన మే నెల మధ్యాహ్నపు ఎండ వద్దే వద్దు, గిన్నెలో వేడి హద్దు దాటుతుంది. ఇది రంగును పైపైన మారుస్తుందంతే, మళ్లీ ఎండలో ఉంచితే మళ్లీ పసుపెక్కుతుంది.

గోధుమ రంగు ముక్కలు బిస్కెట్లలా విరుగుతున్నాయి. తప్పు మాదేనా?

మీది కాదు. 2000ల నడుమ నుంచి ఓ పదేళ్లపాటు వచ్చిన ఎర్ర గోధుమ, ముదురు ఎరుపు, ముదురు గోధుమ ముక్కలకు ఈ జబ్బు ఉంది. వాటితో కట్టినదాన్ని విప్పాల్సి వస్తే లాగకుండా, కింద వేలు ఆనించి మెల్లగా ఊపుతూ తీయండి.

రెండు ప్లేట్లు అతుక్కుపోయి రావడం లేదు.

పళ్లతో, చాకుతో ప్రయత్నించకండి, ప్లేటు అంచున పడ్డ గాటు ఎన్నటికీ పోదు. ముక్కలు విడదీసే నారింజ రంగు పనిముట్టు, సెపరేటర్, కొన్ని సెట్లలో వస్తుంది. పై ప్లేటుకు ఒకటి, కింది ప్లేటుకు ఇంకొకటి తగిలించి ఎదురెదురుగా వంచితే ఊడుతుంది. సెపరేటర్ లేకపోతే పైనా కిందా పొడవాటి ఇటుకలు బిగించి, వాటిని పిడుల్లా పట్టుకుని వంచండి. గుండ్రటి చిన్న ముక్క రంధ్రంలో ఇరుక్కుంటే సెపరేటర్ మీదున్న ముల్లుతో వెనకనుంచి పొడవాలి. పారదర్శక ముక్కల్ని ఒకదానికొకటి బిగించకండి. పాతవి పాలికార్బొనేట్‌తో చేసినవి, ఏబీఎస్‌లా సాగదు, కిర్రుమంటూ పట్టేస్తుంది.

సెట్‌లో ముక్క తక్కువైంది. ఎక్కువ కూడా వచ్చాయి. ఎందుకు?

సంచుల్ని తూకం వేసి సరిచూస్తారు. గోరంత ముక్క బరువు తూకం పట్టుకోలేనంత తక్కువ, అందుకే అలాంటివి ఒకటి ఎక్కువే వేస్తారు. తగ్గిందనిపిస్తే ముందు సంచి మూలలు, రెండు ప్లేట్ల బదులు ఒక ఇటుక పెట్టేశామా అన్నది చూడండి, పదిసార్లలో తొమ్మిదిసార్లు అక్కడే దొరుకుతుంది. నిజంగా లేకపోతే పుస్తకం చివరి పేజీల్లో ఆ ముక్క బొమ్మ కింద సంఖ్య ఉంటుంది. సెట్ సంఖ్యతో కలిపి కంపెనీ కస్టమర్ సేవకు పంపాలి. ఉదాహరణకు 300121లో 3001 ఇటుక ఆకారం, 21 ఎరుపు. 300123 అదే ఆకారం, నీలం. కొత్త సంఖ్యల్లో ఈ పొందిక ఉండదు. పుస్తకం పోయిందా? 1996 నుంచి వచ్చిన సెట్ల పుస్తకాలు కంపెనీ సైట్‌లో ఉచితం.

రోబోల లెగో ఇంకా వస్తోందా?

1998లో మొదలైన మైండ్‌స్టార్మ్స్ 2022 చివరితో ఆగిపోయింది. అది ఎంఐటీ మీడియా ల్యాబ్‌తో పొత్తులో పుట్టింది. వచ్చిన కొద్ది వారాలకే బయటి ప్రోగ్రామర్లు దాని లోపలి కోడ్‌ను విప్పేశారు. కేసులు వేయబోయి, ఆలోచించి, ఊరుకుంది కంపెనీ. ఆ ఊరుకోవడమే దానికి కాలేజీల్లో ప్రాణం పోసింది. 1998లోనే మొదలైన ఫస్ట్ లెగో లీగ్ రోబో పోటీలు ఇండియాలోనూ జరుగుతాయి, అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లకు ఆ పేరు కొత్త కాదు.

చూపు లేని పిల్లలకు లెగో బ్రెయిలీ ఇటుకలున్నాయట. తెలుగుకు పనికొస్తాయా?

2020లో లెగో ఫౌండేషన్ తెచ్చినవి ఇవి. 2×4 ఇటుక మీద బ్రెయిలీ ఆరు చుక్కల చోట్లలో అవసరమైన బొడిపెలే ఉంచి, పక్కన చూపున్నవాళ్ల కోసం అక్షరం ముద్రిస్తారు. తెలుగు భారతీ బ్రెయిలీలో రాస్తాం. అందులో చాలా హల్లులకు ఇంగ్లీషు బ్రెయిలీలో అదే ధ్వని చుక్కలే. కాబట్టి కె ఇటుకను ‘క’గా, ఎం ఇటుకను ‘మ’గా, ఎల్‌ను ‘ల’గా, ఆర్‌ను ‘ర’గా తడిమి చదవొచ్చు. ‘కమల’ మూడు ఇటుకలు. ఒత్తులు, గుణింతాల దగ్గరకొస్తే టీచర్ సాయం కావాలి, ముద్రించిన అక్షరం అక్కడ చూపున్నవాళ్లను దారి తప్పిస్తుంది.

ప్లాస్టిక్ మానేస్తారా?

త్వరలో కాదు. చెట్ల ఆకుల్లాంటి మెత్తటి ముక్కలు 2018 నుంచి చెరకు నుంచి తీసిన పాలిథిలీన్‌తో వస్తున్నాయి. అది మెత్తన, బొడిపె పట్టుకు చాలదు. వాడిపారేసిన సీసాల ప్లాస్టిక్‌తో 2021లో చేసిన నమూనా ఇటుకను 2023లో పక్కన పెట్టారు: గట్టిదనం కోసం కలపాల్సినవి కలిపి, కొత్త యంత్రాలు పెడితే కర్బన కాలుష్యం తగ్గకపోగా పెరుగుతుందని తేలింది.

ఇప్పుడు కంపెనీ ఎవరిది?

75 శాతం క్రిస్టియాన్సెన్ కుటుంబపు కిర్క్‌బీ సంస్థది, 25 శాతం లెగో ఫౌండేషన్‌ది. షేర్ మార్కెట్‌లో దొరకదు. 2024లో అమ్మకాలు 74.3 బిలియన్ డేనిష్ క్రోనర్లు. కార్ఖానాలు బిల్లుండ్‌తో పాటు హంగరీ, చెక్, మెక్సికో, చైనా, వియత్నాంలలో ఉన్నాయి. అమ్మేసిన లెగోలాండ్ పార్కుల్ని నడిపే మెర్లిన్ కంపెనీని 2019లో కిర్క్‌బీ ఇతరులతో కలిసి మళ్లీ కొన్నది.

ఇంట్లో వేల ముక్కలున్నాయి. ఎలా సర్దాలి?

రంగుల వారీగా మాత్రం వద్దు. నల్ల ముక్కల డబ్బాలో ఒక నల్ల ముక్క వెతికి చూడండి, తెలుస్తుంది. ఆకారాన్ని బట్టి వేరు చేస్తే రంగును కన్ను క్షణంలో పట్టేస్తుంది. మొదట ఐదు డబ్బాలు చాలు: ఇటుకలు, ప్లేట్లు, వాలు ముక్కలు, చక్రాలూ ఇరుసులూ, మనుషులు. ఏ డబ్బా నిండితే దాన్నే రెండుగా విడదీయండి. కిటికీ పక్కన పెట్టకండి. ఆడేటప్పుడు నేల మీద పాత దుప్పటి పరిచి, అయిపోయాక నాలుగు మూలలూ పట్టి ఎత్తేయండి.